జిగురు సారు

"నీ మొహానికి సైన్సొకటా?" అన్నాడు జిగురు సారు, మైక్రోస్కోపు మీంచి తలైనా ఎత్తకుండా.

ఎదురుగా నిలబడ్డవాడు పరాయివాడు కాదు, స్వయానా బావమరిది. పెళ్ళాం పోరు పడలేక ల్యాబులో ఉద్యోగమైతే ఇచ్చాడు గానీ, ఇచ్చింది మొదలు దెప్పని పూట లేదు.

జిగురు సారు అన్న పేరు ఊరికే రాలేదు. తిండి దండిగా దొరికినప్పుడు కొన్ని బాక్టీరియాలు మిగిలిన కార్బన్‌ని ఒంట్లో గింజలు గింజలుగా దాచుకుంటాయి, మనం పొట్ట పెంచుకున్నట్టు. ఆ గింజల మీద ఒక ప్రొటీను పొర ఉంటుంది. అదే జిగురనీ, గింజలన్నిటినీ పట్టి ఒకే ముద్దగా ఉంచుతుందనీ, దాన్ని తీసేస్తే ముద్ద విడిపోయి ఆవాలు ఒలికినట్టు చెదిరిపోతుందనీ కనిపెట్టింది ఈయనే. పాఠాల్లోకి ఎక్కింది. మురిక్కాలవలోంచి ఆ బాక్టీరియాని పట్టిందీ ఈయనే, ప్రొటీను లేని రకాన్ని తయారుచేసిందీ ఈయనే. అడిగినవాళ్ళకల్లా తన ఫ్రీజర్లోంచే కాస్త పంపేవాడు, దానకర్ణుడి పోజు పెట్టి. వాళ్ళూ చూసి, "ఔను, జిగురే" అనేవాళ్ళు.

ఇప్పుడీ బావమరిది కాదంటున్నాడు.

"బావా, నాకు అంతా తిరగబడి కనిపిస్తోంది."

"ఇక్కడ బావా లేదు, బామ్మర్దీ లేదు. సార్ అను."

"సార్, అది జిగురు కాదు, కంచె. ప్రొటీను ఉంటే గింజలు చిన్నచిన్నవిగా విడివిడిగా ఉంటున్నాయి. తీసేస్తే అన్నీ కలిసిపోయి ఒకటే ముద్ద."

"బాక్టీరియా ఎక్కడిది?"

"ఫ్రీజర్లోది కాదు సార్. మళ్ళీ ఆ కాలవకే వెళ్ళి తెచ్చాను. అదే జాతి. ప్రొటీను నేనే తీశాను."

"కాలవలో దిగావన్నమాట. పోన్లే, ఇన్నాళ్ళకి నీకు తగ్గ చోటు దొరికింది."

నవ్వమన్నట్టు చుట్టూ చూశాడు. ల్యాబులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన కింద పనిచేస్తూ నవ్వక చస్తారా!

"జరిగిందేంటో నే చెప్తా విను. నీ రెండు గొట్టాలూ తారుమారయ్యాయి. పేర్లు మూతల మీద రాసుంటావు. ఒరేయ్, ఇక్కడ అడుగుపెట్టినవాడికి మొట్టమొదట ఏం చెప్తాను? పేరు గొట్టం పొట్ట మీద రాయాలి, నెత్తి మీద కాదు. మూతలు రెండూ తీసి బల్ల మీద పెట్టాక ఏది దేనిదో మీ తాత దిగొచ్చినా చెప్పలేడు."

"పొట్ట మీదే రాశాను సార్."

చూపించాడు. పొట్ట మీదే ఉంది, అటొకసారి ఇటొకసారి. అది చూశాక జిగురు సారుకి ఒళ్ళు ఇంకా మండింది.

"అయితే రాయకముందే కలిపేసుంటావు! పని చేతగాక నన్ను తప్పంటావా? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. సాయంత్రంలోగా అందరి ముందూ 'నాదే పొరపాటు' అని ఒప్పుకో. లేదంటే బల్ల ఖాళీ చేసి పో. మీ అక్కకి నేను చెప్పుకుంటా."

బావమరిది తన బల్ల వైపు చూశాడు. పెళ్ళాన్ని మొన్నమొన్ననే కాపురానికి తెచ్చుకున్నాడు. పొయ్యి కొన్నారు, మంచం ఇంకా కొనలేదు. ఒప్పుకుంటే పోయేదేముంది, నాలుగు మాటలు.

"నేను చూసింది చూశాను సార్," అన్నాడు.

"ఆహా! నిన్నగాక మొన్నొచ్చి నువ్వు చూశావు, నేను గుడ్డివాణ్ణా? రా, పని ఎలా చేస్తారో చూద్దువుగాని. అందరూ రండి!"

అందరూ ఫ్రీజరు దగ్గరికి కదిలారు. అట్టడుగున ఒక ఇనప డబ్బా. దాని తాళంచెవి ఆయన జేబు దాటి బయటికి రాదు. ఎవరికైనా బాక్టీరియా పంపాలన్నా ఆయనే ఒక్కడూ తీసి, రవ్వంత గోకి ఇచ్చి, మళ్ళీ తాళం వేసుకుంటాడు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు అందులోంచి రెండు గొట్టాలు తీశాడు. మంచు దట్టంగా కమ్మేసి ఉన్నాయి.

"ఇవిరా మూలవిరాట్టులు. ఒకటి కాలవలోంచి పట్టింది, రెండోది ప్రొటీను తీసేసింది. నీ ఈడున్నప్పుడు ఈ చేతుల్తో చేశాను. లోకంలో ఉన్నవన్నీ వీటి పిల్లలే. ఏ గొట్టం ఏదో నీ నోటితో నువ్వే చదివి, ఆ తర్వాత క్షమాపణ చెప్పు."

బావమరిది గొట్టాలు అందుకున్నాడు. బొటనవేలితో మంచు తుడిచాడు. ఇంకోసారి తుడిచాడు. వెలుతురుకి ఎత్తి, చుట్టూ తిప్పి చూశాడు.

"నోరు పడిపోయిందా? చదవరా!"

"పొట్ట మీద ఏమీ లేదు, రెండు పేర్లూ మూతల మీదే ఉన్నాయి బావా."