గాదె దగ్గరికి నీళ్ళెప్పుడొచ్చాయి

పాత పటంలో జాంబెజీ నది ఒడ్డు వెంట వేలు జరుపుకుంటూ పోయి, చిపేగో అవ్వ ఒకచోట ఆగింది.

"ఇదే మా ఊరు. ఈ చుక్క మా ఇల్లు. వెనకాల గాదె. ఇక్కడికి నీళ్ళెప్పుడొచ్చాయో చెప్పు నాయనా."

ఆనకట్ట ఆ ఊళ్ళన్నిటినీ ముంచి అరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడదంతా సరస్సు.

పటాల ఆఫీసు గుమాస్తా ముడెండాది హైనా వంశం. అవ్వది ఏనుగు వంశం. ఆ రెండు వంశాలదీ చావింట్లో కూడా వేళాకోళమాడుకునే వరస.

"ఇన్నేళ్ళకు గుర్తొచ్చిందా? మీ ఏనుగులకి ఒళ్ళే గానీ బుర్రేదీ!"

"మీ హైనాలకి ఇకిలించడం తప్ప ఇంకో పనుందిట్రా?" అంది అవ్వ. మాట విసిరిందే గానీ నవ్వలేదు.

"ఏం పోగొట్టుకున్నావేం అక్కడ?"

"మా తమ్ముణ్ణి. లువెండో. ఆరేళ్ళవాడు. పోలీసులు మమ్మల్ని లారీల్లో కుక్కేశారు. వాడు ముందు లారీ ఎక్కాడని అమ్మతో నేనే చెప్పా. ఎక్కలేదు. మళ్ళీ వెనక్కి పోనిస్తేనా! మర్నాడే నీళ్ళొచ్చేశాయన్నారు." ఆవిడ గొంతు తగ్గింది. "ఒక్క ఉదుటున వచ్చుంటాయి కదూ? వాడికి తెలిసేలోపే?"

అరవై ఏళ్ళుగా ఆవిడ ఆ ఒక్క జవాబుకే భయపడుతోందని ముడెండాకర్థమైంది. తన మధ్యాహ్నం తిండి ఆవిడ ముందుకు జరిపాడు. జొన్నముద్ద, వేపుడు చేపలు.

"సరస్సు చేప నేను ముట్టను," అంది అవ్వ. "ఎన్నడూ ముట్టలేదు."

పటంలో నేల ఎత్తు చెప్పే గీతలుంటాయి. గాదె ఉన్న గీతను పట్టుకుని, నీటిమట్టం రాసిన పాత పుస్తకాలు తిరగేశాడు. ఉన్నట్టుండి అతని మొహం వెలిగిపోయింది.

"అవ్వా, చల్లటి మాట విను! మిమ్మల్ని తీసుకెళ్ళింది సెప్టెంబరులో. ఆ ఎత్తుకి నీళ్ళొచ్చింది ఫిబ్రవరిలో. ఐదు నెలలు! నీళ్ళు వాణ్ణి మింగనే లేదు. కాళ్ళున్న పిల్లాడు అక్కడే కూర్చుంటాడా? ఎటో నడిచిపోయి, ఎవరింట్లోనో పెరిగి, ఈపాటికి మనవల్ని ఎత్తుకుని ఉంటాడు!"

అవ్వ పటం మీంచి వేలు తీయలేదు.

"ఐదు నెలలా," అంది.

పోలీసుల కంట పడకుండా తమ్ముణ్ణి ఆ గాదెలోకి దించి, బయటినుంచి తప్ప ఎత్తలేని గడ్డికప్పును దానిమీద మూసింది తనే.