తాళం వెనక తాళం

"రీసెట్ కొడితే పోదమ్మాయ్, అది రోమ్‌లోనే ఉంది," అంది పెద్దావిడ. ఫోన్‌ను కౌంటరు మీద పెట్టిందే గానీ, దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

ఫోన్లు బాగుచేసే అమ్మాయి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆ షాపుకి పెద్దవాళ్ళు రాకపోరు. వస్తే అక్షరాలు పెద్దవి చెయ్యమంటారు, గంట గట్టిగా మోగేలా చూడమంటారు. ఫోన్‌ని లోపల్నుంచి నడిపే ఆ రోమ్ అన్న మాట ఒక్కరి నోటా వినలేదు.

"ఏముంది పెద్దమ్మా రోమ్‌లో?"

"కాపలా. ఈ ఫోన్ ఎక్కడుంటే వాడి ఫోన్లో అక్కడ చుక్క కనిపిస్తుంది. ఇందులో రాసిన ప్రతి ముక్కా వాడికి చేరుతుంది. వాడే కూర్చుని అల్లి, పెళ్ళిరోజు కానుకని పిల్ల చేతిలో పెట్టాడు."

తెర మీద పసిపాపనెత్తుకుని ఒక పడుచు నవ్వుతోంది.

"పాప మీ మనవరాలా?"

"ఊఁ. తల్లీపిల్లా పక్క వీధిలో, బస్సుల దగ్గర కూర్చున్నారు. బస్సు కదిలేలోగా ఇది శుభ్రం కావాలి. లేదంటే ఎక్కడికి పోయినా ఆ చుక్క వెంటే పోతుంది."

అమ్మాయికి సంగతంతా అర్థమైపోయింది. అల్లుణ్ణి పట్టుకుని 'వాడు, వాడు' అంటోందంటే కడుపు ఎంత రగిలిపోయి ఉందో అనుకుంది.

"ఇది ఏ చెత్తబుట్టలోనో పారేసి ఇంకోటి కొనరాదూ?"

"దాని చేతికి పైసా ఆడనిస్తేగా వాడు! నా దగ్గరున్నది కాస్తా టికెట్లకే సరిపోయింది. ఊరుగాని ఊళ్ళో దిగి, ఫోన్ లేకుండా ఎవర్ని పిలుస్తుంది?"

అమ్మాయి కేబుల్ తగిలించింది. కంప్యూటరు తెర చూసి పెదవి విరిచింది.

"గట్టివాడే మీ అల్లుడు. తన రోమ్ ఎక్కించి, ఫోన్‌ని నిద్రలేపే బూట్‌లోడర్‌కి మళ్ళీ తాళం వేశాడు. ఆ తాళం తీసే మీటని ఇంకో పాస్‌వర్డ్ వెనక దాచాడు. తాళం వెనక తాళం! మొండికేసి బలవంతాన తీస్తే..."

"ఇటుకైపోతుందా, ఇక వెలగదా?"

"అబ్బో! ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇంట్లో వినీ వినీ. భోజనాల బల్ల మీద అన్నం గిన్నెకి చోటుంటే ఒట్టు. ఎప్పుడు చూసినా విప్పి పరిచిన ఫోన్లే."

ఇల్లరికపు అల్లుడు కాబోలు అనుకుంది అమ్మాయి.

అంతలో ఫోన్ గుర్రుమంది. తెర మీద రెండు ముక్కలు: 'ఆ షాపులో నీకేం పని? కదలకు, వస్తున్నా.'

అమ్మాయి చటుక్కున సిమ్ పీకేసింది. పీకాక తెలిసొచ్చింది, ఆఖరి చుక్క ఇక్కడే ఆగిపోయి ఉంటుందని.

"పాస్‌వర్డ్ చెప్పండి పెద్దమ్మా, త్వరగా! పుట్టినరోజా? పాప పేరా?"

ఆవిడ చెప్పగా ఆ రెండూ కొట్టింది. రెండూ తప్పే. ఇంకొక్కటి తప్పితే రేపటిదాకా తలుపు తెరుచుకోదని తెర మీద ఎర్రగా వచ్చింది.

పెద్దావిడ కళ్ళు మూసుకుంది.

"చిన్నప్పుడు వాడికో గుడ్డ కుందేలుండేది. చెవి ఊడిపోయినా వదిలేవాడు కాదు. దాని మీద చెయ్యేస్తే గానీ నిద్రపట్టేది కాదు. దాని పేరే, దూదిమామ అని కొట్టు."

అమ్మాయి కొట్టింది. మీట పక్కకి జరిగింది.

"ఇదెలా తెలుసు మీకు!"

ఆవిడ కళ్ళు తెరిచి వీధికేసి చూసింది. పెళ్ళాంతో ముచ్చట్లలో చెప్పుకుని ఉంటాడు, ఆ పిల్ల తల్లికి చెప్పి ఉంటుంది, అంతేగా అనుకుంది అమ్మాయి.

"తాళం తీశానంటే ఇందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పాప ఫొటోలు కూడా."

"ఒక్కసారి చూడనీ." ఆవిడ పాప బుగ్గ మీద వేలితో నిమిరింది. "ఊఁ, కానీ. దానికి పాపే ఎదురుగా ఉంటుందిగా."

కొత్త రోమ్ ఎక్కడం మొదలైంది. తెర మీద గీత నత్తలా పాకుతోంది. వీధిలో లారీ పోతే కౌంటరు అదిరింది, అమ్మాయి కేబుల్‌ని పసిబిడ్డ చెయ్యిలా పట్టుకుని కూర్చుంది. అది కదిలితే ఫోన్ నిజంగానే ఇటుక. చేతులు ఊరుకున్నా నోరు ఊరుకోలేదు.

"ఇలాంటివాణ్ణి కన్నతల్లి కనబడాలి, నాలుగు కడిగేస్తాను. ఎలా పెంచిందో ఆ మహాతల్లి!"

"కడుగమ్మా. కడగాల్సిందే."

ఎట్టకేలకు ఫోన్ కొత్తగా వెలిగింది. అమ్మాయి సిమ్ మళ్ళీ లోపలికి తోసింది.

"నా మోకాళ్ళు రావు. నువ్వే పరిగెత్తి దాని చేతిలో పెట్టి రా తల్లీ. నీలం చున్నీ, ఒళ్ళో పాప. ఆగకుండా ఎక్కెయ్యమను."

అమ్మాయి వెనక తలుపులోంచి దూకినట్టే పోయింది. బస్సు ఇంజను అప్పటికే మోగుతోంది. నీలం చున్నీ పిల్ల ఫోన్ అందుకుని, "ఆవిడ రాలేదా?" అని షాపు వైపు ఒకటే చూపు. కండక్టరు కసిరితే ఏడుస్తూనే ఎక్కింది.

వగరుస్తూ తిరిగొచ్చేసరికి పెద్దావిడ స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"మీరూ ఎక్కెయ్యాల్సింది పెద్దమ్మా!"

"నేనూ పోతే వాణ్ణి ఇక్కడ ఆపేదెవరు?"

మాట పూర్తవలేదు, వీధిలో బైకు కీచుమని ఆగింది. హెల్మెట్ తియ్యకుండానే ఒకడు షాపు బోర్డుకేసి చూశాడు. అమ్మాయి షటరు లాగే కొక్కెం అందుకుంది.

"లోపలికి రండి, షటరు దించేస్తాను! వాడు మిమ్మల్ని బతకనిస్తాడా?"

పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. ఇంకో స్టూలు దగ్గరికి లాగి, తన పక్కనే వేసింది.

"రానీ, నా కొడుకేగా."