ఎనిమిది సుద్దముక్కలు

తెల్లవారుజామున ఆళ్ళగడ్డలో ఒక్క టేపురికార్డరుకు తప్ప ఎవరికీ చెప్పని తన కల, పది గంటలకల్లా నంద్యాల బస్టాండులో ఎవడి నోటనో వినబడేసరికి యేసురత్నం సారుకు ఒళ్ళు మండిపోయింది.

"ఏనుగు బళ్ళోకొచ్చి, బల్లమీది ఎనిమిది సుద్దముక్కలూ మింగేసి పోయిందంట. ఎనిమిదప్పా! కళ్ళు మూసుకోని కట్టండి" అంటున్నాడు సోడాబండి ఓబయ్య. చుట్టూ మూగినవాళ్ళంతా మట్కా చీటీల మీద అదే అంకె రాయించుకుంటున్నారు.

సారు వెళ్ళి వాడి చొక్కా పట్టుకున్నాడు. "అది నా కల! నీకెవరు చెప్పినార్రా?"

ఓబయ్య రెండు చేతులూ జోడించాడు. "ఆ సారు మీరేనా! మొదటి బస్సులో మీ ఊర్నుంచే వచ్చింది మాట. నేను సైకిలమ్మి కట్టినా."

"వెనక్కి తీసుకోపో!"

"కట్టినంక యాడిస్తారు సారూ? సాయంత్రం బొంబాయి నుంచి నంబరు రానీ, నవ్వుకుంటాం."

సారు అక్కణ్ణుంచి విసురుగా అబ్దుల్ గఫార్ ఫోటో స్టూడియోకు పోయాడు. కలలను టేపులో దాచుకునే మనిషి మీద గఫార్ పది నిమిషాల సినిమా తీస్తున్నాడు. ఆ మనిషి వేషం సారుదే. నిద్ర లేస్తూనే కల చెప్పమని టేపురికార్డరు ఇచ్చిందీ గఫారే.

"నమ్మి నా కలలు నీ చేతికిస్తే మట్కావాళ్ళకు మోస్తావా? సిగ్గు లేదూ?"

"అరె, నోరు జాగ్రత్త సారూ! ఈపొద్దుటి క్యాసెట్ యాడుంది?"

సారు సంచిలో చెయ్యి పెట్టాడు. గఫార్‌కు ఇవ్వడానికి తెచ్చిన క్యాసెట్ ఇంకా అందులోనే ఉంది.

"నా చేతికే రాని కల నేనెట్ల మోస్తా? దొంగ నీ ఇంట్లోనే ఉండాడు. పో, ఆడ అరుచుకో."

ఇంట్లో ఉన్నది తండ్రి జ్ఞానప్రకాశం ఒక్కడే. సారు ఆళ్ళగడ్డకు తిరిగొచ్చి, వాకిట్లో అడుగుపెట్టి ఆగిపోయాడు. పాడిబర్రెను కట్టే గుంజ ఖాళీగా ఉంది.

"నాయనా, నా కల బయట చెప్పింది నువ్వేనా?"

"గోడకవతల మోకాళ్ళ మీద ఉంటి. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటాం గానీ చెవులు మూసుకుంటామా?"

"పేకముక్క ముట్టినోళ్ళను చర్చిలోంచి తరిమినోడివి, నీకు మట్కా ఏంది? బర్రె యాడ?"

"అమ్మి ఎనిమిది మీద కట్టినా. ఇది జూదం కాదురా. దేవుడు కలలో మాట్లాడతాడని వాక్యంలో లేదా? నలుగురికీ మేలు జరగనీలే అని బస్సుకాడ గూడా చెప్పినా."

"ఎవర్నడిగి చెప్పినావు? జనం ఇంట్లో సామాన్లమ్మి కడతాండారు!"

ఈసారి ముసలాయనకు కోపం వచ్చింది. "ఏందిరా మీదమీదికొస్తాండావు? ఆరు నెలలుగా ఒక్కదినం తప్పకుండా నీకు కల చూపిస్తాండాడే, ఆ దేవుడు అబద్ధమాడతాడా?"

యేసురత్నం గుంజ పక్కన కూలబడ్డాడు.

"దేవుడు కాదు నాయనా, నేనాడినా. నాకసలు కలలే రావు. ఆ మాట తెలిస్తే గఫార్ సినిమాలోంచి తీసేస్తాడని, దినామూ పొద్దున్నే లేచి ఏదో ఒకటి కల్పించి చెప్తాండా."