ఆడవాళ్ల సీటు

“లేవన్నా, గిది ఆడోళ్ల సీటు.”

తొర్రూరు నుంచి వచ్చిన హైదరాబాద్ బస్సు పాలకుర్తిలో ఆగగానే ఎక్కిన స్పందన, రెండో వరసలో కూర్చున్న మనిషితో అన్న మాట అది.

ఆమె చంకలో ఏడాది పాప. వెనకాల సంచులతో అత్త బుచ్చవ్వ. బస్సు నిండా ఆడవాళ్లే, సగం మంది నిలబడే ఉన్నారు.

అతను తలెత్తి చూశాడు. ముప్పై దాటిన వయసు. పొడుగ్గా, పుష్టిగా ఉన్నాడు. చిన్న దిండు ఒకటి రెండు చేతులతో ఎదకు అదుముకుని కూర్చున్నాడు.

“చెల్లె, నాకు జర...”

“జర లేదు, గిర లేదు. పిల్లనెత్తుకొని నేను నిలవడాల్నా? దున్నపోతు లెక్కున్నవ్, సిగ్గుండాలె.”

“మెత్త గూడ తెచ్చుకున్నడే!” బుచ్చవ్వ అందుకుంది. “గిది బస్సనుకున్నడో, అత్తగారిల్లనుకున్నడో!”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

“లేవన్నా, ఆడోళ్లతోని పంచాదెందుకు,” అన్నాడు కండక్టర్, టికెట్లు కొడుతూనే.

 అతను మెల్లగా, ఒక పక్కకు ఒరిగి లేచాడు.

స్పందన కూర్చుంది. కూర్చున్న చాలాసేపటికి గానీ ఆమె గుండెదడ తగ్గలేదు.

నిజానికి ఆమెకు సీటు కావలసిందే. గుండె లోపలి కండ మందమై, రక్తం పోయే దారికి అడ్డం పడుతోందని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. గోలీలు తప్పకుండా మింగుతోంది. అయినా నాలుగు మెట్లెక్కితే కళ్లకు చీకట్లు. మొన్న పాపను ఎత్తుకుని ఉండగానే తూలింది. దేవుడి దయ, గోడ ఆసరాగా దొరికింది.

ఆ సంగతి నలుగురిలో చెప్పుకోలేకే ఆడవాళ్ల సీటని తగువు పెట్టుకుంది.

“మందులతో నీకు తగ్గట్లేదమ్మా,” అన్నాడు డాక్టరు పోయినసారి. “ఆ కండను కొంత కోసి తీసేస్తే మంచిదని నా సలహా. వద్దంటే మందులు మార్చి చూద్దాం. ఆలోచించుకుని రా.”

“గుండె కోపిచ్చుకొని బతికినోళ్లను ఒక్కర్ని చూపియ్యుండ్రి సార్. అప్పుడు చెప్త,” అని ఏడ్చింది స్పందన.

“చూపిస్తా,” అన్నాడాయన.

చూపిస్తానన్న రోజు ఇవాళే.

బస్సు గుంతలో పడి ఎగిరింది. నిలబడ్డవాళ్లంతా పైనున్న రాడ్డు పట్టుకున్నారు, అతను తప్ప. అతను చేతులు పైకెత్తలేదు. సీటు అంచు ఛాతీకి తగిలితే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దగ్గు వచ్చింది. దిండును ఇంకా అదుముకుని, వంగిపోయి దగ్గాడు.

“పొద్దుగాల్నే తాగినట్టుండు,” అంది స్పందన, వినబడేలాగానే.

జనగామలో అతను దిగిపోయాడు. బస్టాండు బల్ల మీద వంగి కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది. దిండు ఎదకే ఉంది.

“ఇగ గీడనే పండుకుంటడు,” బుచ్చవ్వ నవ్వింది.

స్పందన కూడా నవ్వింది.

హైదరాబాద్‌లో డాక్టరు గదిలో మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. పాపను అత్తకిచ్చి, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

“నీకోసం రావలసిన మనిషి రాలేకపోయాడమ్మా,” అన్నాడు డాక్టరు. “యుగేందర్ అని, మీ దిక్కే. నీ జబ్బే. ఆపరేషనై రెండు నెలలు కూడా కాలేదు. చెకప్ వచ్చేవారం ఉంది. నువ్వు భయపడుతున్నావని చెబితే ఇవాళే వస్తానని బయల్దేరాడు. దారిలో నొప్పి ఎక్కువై దిగిపోయాడట.”

“అయ్యో! ఎట్లున్నది సార్ ఆయనకు?”

“అక్కడి ఆస్పత్రిలో చూశారు, ప్రమాదం లేదు. నీతో మాట్లాడందే ఇంటికి పోనంటున్నాడు. ఇదిగో.”

స్పందన ఫోను అందుకుంది.

“చెల్లె, ఏమనుకోకు. రాలేకపోయిన.” గొంతు నీరసంగా ఉంది.

“నువ్వు పైలంగుండన్నా,” అంది. “గోలీలతోని ఎల్లదా అన్నా, కోసుడే కావాల్నా?” అని అడిగింది.

“కొందరికి ఎల్తది. నాకెల్లలే. కోతంటే బుగులుపడి ఏండ్లకేండ్లు మింగిన. ఆఖర్కి పొలం గట్టు మీద కండ్లు తిరిగి పడ్డ. ఇప్పుడు ఆయాసం లేదు చెల్లె. ఎదబొక్క కోస్తరు గదా, అది అతికేదాక నొప్పి, గంతే.”

ఆమె అసలు అడగాలనుకున్నది వేరే.

“మల్ల పాపను ఎత్తుకోవచ్చా అన్నా?”

“ఎందుకెత్తుకోవు? సార్ సరే అనేదాక కూసోని ఒళ్లె పెట్టిచ్చుకో. అటెనుక నీ ఇష్టం. నా బిడ్డ గూడ రోజడుగుతది, ఎప్పుడెత్తుకుంటవ్ బాపూ అని.”

స్పందన కళ్లు తుడుచుకుని డాక్టరు వైపు చూసి తలూపింది. ఆపరేషన్‌కు సరేనని. చాలా రోజుల తర్వాత ఊపిరి నిండుగా అందినట్టయింది.

“చేతులు మాత్రం పైకి లేపొద్దు,” అవతలి గొంతు చెబుతూనే ఉంది. “దవాఖానల చిన్న మెత్త ఇస్తరు. దగ్గొస్తే గది ఎదకు అదుముకోవాలె. యాడికి పోయినా ఇడవకు.”

స్పందన ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

“ఏమంటుండే?” అని అడిగింది బుచ్చవ్వ.

స్పందన తల తిప్పుకుంది. అత్త మొహంలోకి చూడలేకపోయింది.

“ఇంటున్నవా చెల్లె? నువ్వైతే బస్సుకే రా, నా లెక్క నిలవడే తిప్పలు నీకుండది, పిల్లతల్లివి గదా, ఎవరన్న లేచి సీటిస్తరు.”