చెవిరెప్పకి బొట్టుబిళ్ళ

కంటికి ఉన్నట్టే చెవికీ రెప్పలు పెట్టించుకోవడం మొదలయ్యాక, హైమవతి ఇంట్లో పిలిస్తే పలికేవాళ్ళు కరువయ్యారు. రొద హద్దు దాటితే ఆ రెప్పలు వాటంతటవే మూసుకుంటాయి. ఆవిడ గొంతేమో ఎప్పుడూ హద్దుకి అవతలే ఉంటుంది.

ఆ పొద్దున పంతొమ్మిదేళ్ళ కూతురు విరజ వంటింటి గడప మీద చతికిలబడింది.

"అమ్మా, రెండ్రోజులుగా చెవిలో ఒకటే కుయ్‌మంటోంది. ఇది జన్మంతా ఇలాగే ఉండిపోతుందా?"

హైమవతి కూతురి చెవి వంచి చూసింది. రెప్ప మూసుకోకుండా అడ్డంగా ఎర్రటి బొట్టుబిళ్ళ!

"మొన్న పెళ్ళి ఊరేగింపులో డీజే పాట వినపడట్లేదని అంటించా," గొణిగింది విరజ.

"నుదురెక్కడుందో కూడా నేనే చూపించాలటే నీకు?" అంటూ బిళ్ళ ఒలిచింది హైమవతి. ఆ వెంటనే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ పరీక్షించి, "వినికిడి బాగానే ఉంది, ఇకనైనా కాపాడుకో. ఆ మోత తగ్గచ్చు, కొంచెం మిగలనూ వచ్చు. మరీ నిశ్శబ్దంలో కూర్చోక మెత్తటి చప్పుళ్ళు వింటూ ఉండు," అంది.

హైమవతి చప్పుడు చెయ్యని కొత్త స్టవ్ పక్కన పెట్టి, పాత పొయ్యి మీద ఇనుప గరిటెలో పోపు వేయసాగింది. ఆవాలు చిటపటమంటుంటే విరజ కళ్ళు మూసుకునేది. చెవిలో కుయ్‌మనేది ఎక్కడో మబ్బుల్లో తేలే తూనీగలా దూరమయ్యేది.

నెల తిరక్కుండా మరో పెళ్ళి. బయల్దేరుతూ విరజ బొట్టుబిళ్ళల అట్ట తీసింది. హైమవతి గుమ్మం దగ్గరే ఆగి చూసింది. విరజ ఒక్కటి ఒలిచి నుదుట పెట్టుకుంది.

వీధి మలుపులో డీజే బండి మోగగానే కూతురి చెవిరెప్పలు అత్తిపత్తి ఆకుల్లా ముడుచుకున్నాయి.

"జాగ్రత్తే!" అని అరిచింది హైమవతి.

విరజకి వినపడలేదు. మొదటిసారి హైమవతికి కోపం రాలేదు.