మజ్జిగ

“ఒక గిలాసెడు సల్ల ఇయ్యి, బిడ్డా.”

అవార్డు సభ నుంచి తిరిగొస్తూ శామీర్‌పేట రోడ్డు పక్క బండి దగ్గర కారు ఆపించాడు జనార్ధన్ సార్. కప్పిన శాలువా ఇంకా భుజాల మీదే ఉంది.

“మజ్జిగనా సార్?” అంది బండి దగ్గరి శివమ్మ.

“సల్ల అను బిడ్డా! మన మాటను మనమే ఇడిసిపెడితె ఎట్ల? నా నవల పేరే ‘సల్ల’. ఇయ్యాల దానికే అవార్డిచ్చిన్రు.” సంచిలోంచి కొత్త ప్రతి తీసి, కలం విప్పాడు. “నీ పేరేంది? రాసిస్త, సదువుకో.”

“శివమ్మ. దేవరయాంజాల్ గాలయ్య బిడ్డను. నాకు సదువు రాదు సార్.”

“అరె, ఆ ఊరి బడిల పదేండ్లు నేనే పంతులును గదా! నువ్వు రాలేదా?”

“వచ్చిన సార్, రెండో తరగతి దాక. సల్ల అన్ననని నా అరచేతి మీద బెత్తం ఇరగ్గొట్టిన్రు. మజ్జిగ అనుడు నేర్సుకున్నంకనే బడికి రా అన్నరు.”

సార్ కలం ఆగిపోయింది. విరిగిన బెత్తం గుర్తుకొచ్చింది. పిల్ల మాత్రం గుర్తు రాలేదు.

“నేర్సుకునేసరికి నా పెండ్లయింది” అంటూ శివమ్మ గ్లాసు అందించింది. “తాగుండ్రి సార్, మజ్జిగ.”