అడవికెళ్ళే చాకు

"అలాంటివి లేవని చెప్పి పంపించెయ్యండి," అంది భవానీదేవి, మేకులు తూస్తున్న తక్కెడ మీంచి తల ఎత్తకుండానే.

భార్య మాటకి సుబ్రహ్మణ్యేశ్వరరావు ఇబ్బందిగా నవ్వాడు. అమలాపురంలో ఆయన ఇనుప సామాన్ల కొట్టు పెట్టిన ఇన్నేళ్ళలో ఓ ఆడపిల్ల వచ్చి, "చిన్న కత్తి కావాలండీ, అడవికి తీసుకెళ్ళడానికి," అని అడగడం ఇదే మొదలు. ఆ పిల్ల పేరు సత్యశ్రీ. రాజోలులో కాలేజీ పిల్లలకి పాఠాలు చెబుతుందిట.

"కత్తిపీట అడిగితే ఇద్దాం. ఇవి మాత్రం వద్దు," భవానీదేవి ఆగలేదు. "పోయిన నెల ఎవడో మన దగ్గర కత్తి కొనుక్కెళ్ళి గొడవపడితే పోలీసులు గుమ్మమెక్కేరు. అప్పుడే మర్చిపోయేరా?"

"నాది గొడవల కోసం కాదు పిన్నిగారూ," అంది సత్యశ్రీ. "మారేడుమిల్లి అడవిలో రెండు రాత్రుళ్ళు గుడారాలేసుకుని ఉంటాం. ఓ పదిమందిమి వెళ్తన్నాం. ఎండుపుల్లలు చీల్చాలి, తాళ్ళు కొయ్యాలి, కూరలు తరగాలి. అన్నిటికీ ఒకటే కత్తి. రేపు పొద్దున్నే ప్రయాణమండీ."

"అడవిలోనా? రాత్రిపూటా?" అన్నాడాయన.

"ఆయ్."

తక్కెడలో మేకులు గలగలమని గట్టిగా పడ్డాయి. ఆ చప్పుడుకి అర్థం ఆయనకి బాగా తెలుసు. అయినా చెయ్యి దానంతటదే అద్దాల బీరువాలోకి పోయింది.

ముందు మడత చాకు తీసిచ్చాడు. సత్యశ్రీ దాన్ని తెరిచి, మూసి, పక్కన పెట్టేసింది.

"ఇది వద్దు బాబాయిగారూ. పుల్ల చీలుస్తుంటే పుటుక్కున మడతపడిందంటే వేళ్ళు తెగుతాయి. మడత లేనిదివ్వండి."

"అయితే ఇదీ?" కొబ్బరికాయలు కొట్టే కత్తి తీశాడు.

"అమ్మో! అంతది మోస్తూ కొండెలా ఎక్కనండీ? పిడి కాకుండా అరచేతంత పొడుగుంటే చాలు."

మధ్యాహ్నం. బజారంతా కునుకు తీస్తోంది. ఎదురుగా ఎస్టీడీ బూత్ తలుపు కూడా మూసే ఉంది. ఆయన స్టూలెక్కి అటక మీంచి ఓ అట్టపెట్టె దించాడు. ఎప్పుడో రాజమండ్రి సరుకుతో పాటు వచ్చిందది. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరు. దుమ్ము దులిపి, తోలు ఒరలోంచి ఓ చిన్న కత్తి బయటికి లాగాడు.

"ఇది చూడండమ్మా. మొన దగ్గర్నుంచి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు ముక్క. పిడికి అటూ ఇటూ చెక్కలు బిగించేరంతే. ఎంత నొక్కినా విరగదు."

"తుప్పు పట్టదాండీ? స్టీలుది లేదా?"

"చవక స్టీలు తుప్పు పట్టకపోయినా పదును నిలవదమ్మా. దీన్ని శుభ్రంగా తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసుకోండి చాలు. అక్కడ... మంచు బాగా పడుతుందా?"

"తెల్లారేసరికి గుడారం మీంచి చుక్కలు చుక్కలుగా కారుతుందట బాబాయిగారూ. పక్కనే వాగు. రాళ్ళ మీంచి దూకుతూ రాత్రంతా మాట్లాడుతూనే ఉంటుందట."

ఆయన కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నీళ్ళు మాట్లాడడం! ఇక్కడి కాలవలు చప్పుడు చెయ్యవు. కొబ్బరితోటల నీడలో నిద్రలో నడిచినట్టు పోతుంటాయి. కోనసీమలో చెట్టన్నాక ఓ యజమాని, గట్టన్నాక ఓ తగువు. ఎవరివీ కాని చెట్లు ఎలా ఉంటాయో!

"ఓసారి కోసి చూడండి," అంటూ సరుకు పెట్టెలోంచి ఊడిన చెక్కముక్కా, కత్తీ ఇచ్చాడు.

సత్యశ్రీ కత్తిని ఒడుపుగా పట్టి చెక్కింది. సన్నటి పొర ఒకటి ఉంగరంలా చుట్టుకుంటూ లేచి బల్ల మీద పడింది. కొత్తచెక్క వాసన వేసింది. ఆ వాసనకి కొట్టు గోడలు మెల్లిగా వెనక్కి జరిగిపోయాయి. పైనుంచి వేలాడుతున్న తాళ్ళచుట్టలు అడవితీగలయ్యాయి. ఎక్కడో నిప్పు రాజుకుంది. దాని పక్కనే తను, గొంతుకూర్చుని, చేతులు చాపుకుని. తలెత్తితే ఆకుల సందుల్లో నక్షత్రాలు.

"మంట దగ్గర కూర్చుంటే చలి తెలీదేమో కదమ్మా?"

"ముందు వేడి, వీపున చలిట బాబాయిగారూ. అదే బావుంటుందట."

వీపున చలి. ఆయనకి నిజంగానే ఒళ్ళు జలదరించింది. అప్పుడు తెలిసింది, మేకుల చప్పుడు ఆగిపోయిందని. ఎప్పుడాగిందో!

వెనక్కి తిరిగాడు. భవానీదేవి తక్కెడ వదిలేసి వచ్చి ఆయన వెనకాలే నిలబడి ఉంది. బల్ల మీది చెక్కపొరనే చూస్తోంది.

అయిపోయింది, ఇప్పుడు పెట్టె మళ్ళీ అటకెక్కుతుంది అనుకున్నాడు.

"ఇందులో ఇలాంటిది ఇంకోటుందాండీ?" అందామె.

"ఉంది," అన్నాడు బెదురుగా. "ఎందుకూ?"

ఆమె సత్యశ్రీ వైపు తిరిగింది. "మీతో పాటు ఇంకొకళ్ళకి చోటుంటుందా అమ్మా?"

"ఎందుకుండదు పిన్నిగారూ! నిన్ననే ఒకళ్ళు మానేసేరు కూడానూ."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గుండె ఝల్లుమంది. తనలో ఇలాంటి కోరికొకటి ఉందని ఆయనకే ఇవాళిదాకా తెలీదు. భార్య అక్కడ మేకులు తూస్తూనే పట్టేసింది! కళ్ళు చెమర్చాయి.

"ఊరుకో భవానీ," అన్నాడు మురిపెంగా. "నేనెళ్ళిపోతే కొట్టెవరు చూసుకుంటారు?"

భవానీదేవి పెట్టెలోంచి రెండో కత్తి తీసింది. పిడికిట్లో బిగించి, బరువు చూసుకుంది.

"మీరే చూసుకోండి. వెళ్ళేది నేను."